బాలాపూర్ బస్తీలో పద్నాలుగు నెలలు: నా అనుభవం

నేను డాక్టర్ని కాను, సైకాలజీ చదివినదాన్నీ కాను. హైదరాబాద్ శివార్లలో మీర్‌పేటలో ఉండేదాన్ని. ఇరవై రెండేళ్ళు ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి, గొంతు పాడై మానేశాను. 2024 జూన్ నుంచి 2025 జూలై దాకా పక్కనే బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ఒక రోహింగ్యా ముస్లిం కుటుంబానికి తోడుగా ఉన్నాను. ఇలాంటి పనిలోకి దిగుదామనుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎలా ఉంటుందని అడిగారు. ఫోన్‌లో చెబితే అయ్యేది కాదు, అందుకే రాస్తున్నాను. పేర్లు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

బాలాపూర్ అంటే మనకు లడ్డూయే. ఆ ఏడాది వేలంలో 30 లక్షల 1 వేయి పలికింది. ఆ ఊరి చుట్టూ ఖాళీ ప్లాట్లలో వెదురు కర్రలు పాతి, టార్పాలిన్లు కప్పుకుని వందల కుటుంబాలు ఉంటున్నాయని, పదిహేనేళ్ళుగా పక్కనే ఉంటున్న నాకే సరిగ్గా తెలియదు. ఆ ప్లాట్లు కూడా ఊరికే రావు. మా కుటుంబం (పద్నాలుగు నెలల తర్వాత నోటికి అలాగే వస్తోంది) గుడిసె వేసుకున్న జాగాకు నెలకు 1,500 కిరాయి కట్టేది. కరెంటు వేరు.

మే నెలలో ఒక స్వచ్ఛంద సంస్థ మాకు ఎనిమిది రోజులు శిక్షణ ఇచ్చింది. డాక్టర్లు కానివాళ్ళు మనసు చెదిరినవాళ్ళకు సాయపడేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పద్ధతి అది. వారానికోసారి గంటన్నర చొప్పున ఐదు వారాలు. ఊపిరి నెమ్మదించడం, సమస్యల్లో చేతికి అందేదాన్ని ఒకటి పట్టుకోవడం, మానేసిన పనిని కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టడం, మనుషుల తోడు వెతుక్కోవడం. ఎనిమిదో రోజు సర్టిఫికెట్ చేతిలో పెట్టాక ఐదు వారాల్లో పని అయిపోతుందనే అనుకున్నాను.

జూన్ 9, ఆదివారం, మొదటిసారి వెళ్ళాను. తల్లికి ముప్పై ఐదేళ్ళుంటాయి. భర్త తుక్కు ఏరి వేరుచేసే గోదాములో పని. పద్నాలుగేళ్ళ పిల్ల, తొమ్మిదేళ్ళ పిల్లాడు, ఇక్కడే పుట్టిన ఐదేళ్ళ చిన్నది. గుడిసె పైకప్పుకు పాత ఎన్నికల ఫ్లెక్సీ కప్పారు. లోపల పడుకుంటే ఎవరో నాయకుడు తలకిందులుగా దండం పెడుతూ కనిపిస్తాడు. తల్లికి ఉర్దూ అంతంతమాత్రం, నాకూ అంతే. పెద్ద పిల్లకు హైదరాబాదీ ఉర్దూ గలగలా వస్తుంది, తెలుగు కూడా కొంచెం వచ్చు. ఆ పిల్లనే దుబాసీగా కూర్చోబెట్టాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

"ఏం జరిగిందో చెప్పగలిగితే చెప్పమ్మా" అన్నాను. తల్లి ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోయింది. మయన్మార్‌లో బుతిడాంగ్ దగ్గర పల్లె. 2017 ఆగస్టు 25, సైన్యం దాడులు మొదలైన రోజు. ఐదు రోజుల తర్వాత ఇల్లు కాల్చారు. పదకొండు రోజులు నడిచారు. సరిహద్దులో నాఫ్ నది, పడవ, అవతల బంగ్లాదేశ్‌లో టెక్నాఫ్, కుటుపలాంగ్ శిబిరం, 2018లో హైదరాబాద్. నలుగురు పిల్లలు, ఇక్కడ ఉన్నవాళ్ళలో ఇద్దరు ఆ నలుగురిలోవాళ్ళు. నదిలో ఒకడు, శిబిరంలో జ్వరానికి ఒకతె. ఇదంతా ఒకే స్వరంతో, అర్జీ చదివినట్టు. ఒక్కచోట మాత్రం ఆమె చాలాసేపు మాట్లాడింది. పిల్ల దాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేసి నా వైపు చూసి, "మేడం, రాసుకోరా?" అంది.

ఆ కథను వాళ్ళు ఎన్నిసార్లు చెప్పారో తర్వాత తెలిసింది. శరణార్థి కార్డు ఇంటర్వ్యూలో, పోలీసులకు, బియ్యం పంచడానికి వచ్చినవాళ్ళకు, కెమెరాతో వచ్చిన ఇద్దరికి. చెబితే ఏదో ఒక కాగితం వస్తుంది, లేదా ఒక మూట వస్తుంది. నన్నూ ఆ వరుసలోనే చేర్చుకుంది. అందులో తప్పేముంది? నేను వెళ్ళింది కూడా అచ్చం వాళ్ళలాగే, చేతిలో నోటుబుక్కుతో. కానీ ఆ రాత్రి పడుకున్నాక పిల్ల మింగేసిన మాటలు గుర్తొచ్చాయి. అది తన తమ్ముడు నదిలో పడిన చోటు. తన తల్లి దుఃఖాన్ని నాకోసం ఆ పిల్ల చేత తర్జుమా చేయించాను.

మరుసటి వారం నోటుబుక్కు ఇంట్లో పెట్టి వెళ్ళాను. పెద్దవాళ్ళలో దుబాసీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. అదే సందులోవాళ్ళయితే మాట బయటికి పొక్కుతుందని తల్లి భయపడింది. చివరికి ఇంకో శిబిరంలో కుట్టుమిషన్ మీద బతికే ఒకావిడ ఒప్పుకుంది. వచ్చినప్పుడల్లా 300, ఆటోకు 80. ఈ పనికి డబ్బెందుకు, సేవే కదా అన్నవాళ్ళు ఉన్నారు. రెండు గంటలు కుట్టు ఆపితే ఆమెకు పోయేది ఎంతో వాళ్ళు లెక్కవేయలేదు.

ఆమె వచ్చాక నాకు ఒక వింత ఎదురైంది. మొదటిరోజే తల్లి ఏదో అంటే దుబాసీ ఉర్దూలోకి తిప్పకముందే నాకు అర్థమైపోయింది. "అశాంతి లాగెర్" అంది. మన అశాంతే. వాళ్ళ భాష బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ వైపు మాటకు దగ్గర. నిద్ర రాదు, ఒకచోట కూర్చోలేను, లోపల ఏదో తిరుగుతోంది అనేదంతా వాళ్ళు ఆ ఒక్క మాటలో చెప్పేస్తారు. చింతను "సింతా" అంటారు. దూరమైన మనిషి కోసం అల్లాడితే "ఫొరాన్ ఫురెర్" అంటారు. ప్రాణం కాలుతోందని. శిక్షణలో మాకిచ్చిన కాగితంలో డిప్రెషన్, యాంగ్జైటీ అని గళ్ళు గీసి ఉన్నాయి. ఆ గళ్ళ పక్కన ఈ మూడు మాటలు పెన్సిల్‌తో రాసుకున్నాను. ఆ తర్వాత "అశాంతి ఈ వారం ఎంత?" అని అడిగితే ఆమె వేళ్ళు చూపించేది.

జూలై అంతా నేను చేసిన పని వినడానికి చాలా చిన్నది. ఆమెతో బస్సెక్కడం. ఆరేళ్ళలో ఆ సందు దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళలేదు. సమస్యల్లో ఏది ముందు అని అడిగితే నది గురించి చెబుతుందనుకున్నాను. "కూరగాయల బజారుకు నేనే వెళ్ళాలి" అంది. సరే అని బయలుదేరాం. బస్సులో నేను ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టారు. ఆమె చేతిలో ఐక్యరాజ్యసమితి వాళ్ళిచ్చిన శరణార్థి కార్డు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉంటేనే ఆడవాళ్ళ ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి వర్తిస్తుంది. కండక్టరమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇది నడవదమ్మా" అని డబ్బులు తీసుకుంది. అది రూలే, ఆమెను అనేదేం లేదు. కానీ బస్సు నిండా ఆడవాళ్ళుంటే టికెట్ కొన్నది ఈమె ఒక్కతే. ఆ టికెట్టును మడిచి కొంగున ముడేసుకుంది. ఎందుకని అడిగితే, చెకింగ్ వాళ్ళు వస్తే చూపించడానికి అంది. ఇంటికొచ్చాక కూడా పారేయలేదు.

ఆగస్టు 5 సోమవారం. ఆ రోజు నాఫ్ నది ఒడ్డున, మౌంగ్‌డా దగ్గర, దాటడానికి ఎదురుచూస్తున్న జనం మీద డ్రోన్లతో దాడి జరిగింది. ఎందరో పోయారు. నేను బుధవారం వెళ్ళేసరికి సందులో ఎవరూ మాట్లాడటం లేదు, ప్రతి గుడిసెలోంచీ ఫోన్లు మాత్రం మోగుతున్నాయి. తల్లి చెల్లెలు అటువైపే ఉండేది. ఆగస్టు 2న పంపిన వాయిస్ తర్వాత మళ్ళీ మాట లేదు.

వీళ్ళ దుఃఖం 2017లో జరిగినదని, అది "గతం" అని లెక్కేసుకుని వెళ్ళినదాన్ని నేను. గతం ఎక్కడుంది? మే నెలలోనే బుతిడాంగ్ తగలబడింది. ఆగస్టులో ఇది. మనం ఇక్కడ కూర్చుని ఊపిరి నెమ్మదించు తల్లీ అంటుంటే అక్కడ ఇంకా కాలుతూనే ఉంది. ఆ బుధవారం నేను అనకూడని మాట ఒకటి అన్నాను. "ఆశ వదులుకోకు" అని. ఆమె నా మొహంలోకి చూసి ఏదో అంది. దుబాసీ కాసేపు ఆగి, "చచ్చిపోయిందంటే ఏడుస్తాను, బతికుందంటే ఎదురుచూస్తాను, రెండూ కాకపోతే ఏం చేయాలో నీ చదువులో ఉందా అని అడుగుతోంది" అని చెప్పింది. లేదన్నాను. ఆ తర్వాత మేం ముగ్గురం వంకాయలు తరిగాం.

సెప్టెంబరు 1న తెలంగాణ అంతటా కురిసిన వాన గుర్తుంది కదా. గుడిసెలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. పిల్లల్ని మంచం మీదికెక్కించి, బియ్యం డబ్బా ఎత్తే హడావిడిలో ఫోను నీళ్ళలో పడింది. మంగళవారం నేను వెళ్ళేసరికి ఆమె మాట్లాడే స్థితిలో లేదు. మళ్ళీ నీళ్ళు చూసి బెదిరిందనుకున్నాను. కాదు. ఫోను. వాళ్ళలో ఎక్కువమంది రాసుకోరు, వాయిస్‌లే పంపుకుంటారు. మన ఇళ్ళల్లో పాత ఉత్తరాలు, ఫోటోలు ఎలాగో వాళ్ళకు అవి అలాగ. చెల్లెలి గొంతు, కుటుపలాంగ్‌లో ఉన్న తల్లి గొంతు, పోయిన మామ గొంతు, అన్నీ అందులోనే. బ్యాకప్ అనేది ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఫోను రెండు రోజులు బియ్యంలో పెట్టారు (ఎవరూ అలా చేయకండి, ఫోను బాగుపడలేదు, బియ్యానికి వాసనొచ్చింది). సెప్టెంబరు 9న అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు తీసుకెళ్ళాను. మూడు షాపులవాళ్ళు లాభం లేదన్నారు. నాలుగో షాపులో కుర్రాడు, "ఫోను రాదమ్మా, లోపలి డేటా ప్రయత్నిస్తా, 1,800" అన్నాడు. వారం పట్టింది. ఆ వారం నాకు నిద్రలేదు. నాది కాని గొంతుల కోసం నేనెందుకింత ఇదవుతున్నానో మా ఆయనకు అర్థం కాలేదు.

137 వాయిస్‌లలో 94 వచ్చాయి. ఆగస్టు 2ది ఉంది. గుడిసెలో కూర్చుని పెట్టి వినిపించాను. ఏదో గొప్ప వీడ్కోలు ఉంటుందనుకుంటాం కదా. చెల్లెలు బియ్యం ధర గురించి చెబుతోంది, వెనకాల కోడిపెట్ట అరుస్తోంది, "పెద్దదానికి జుట్టు కత్తిరించకు" అంటోంది. ముప్పై రెండు సెకన్లు. తల్లి దాన్ని పదకొండుసార్లు వింది. ఆ తర్వాత నాకు కోడి గురించి చెప్పింది. ఆ కోడి తనదే. పారిపోయేటప్పుడు చెల్లెలికి వదిలేసిన కోళ్ళ సంతతి. వాళ్ళ ఇంటి వెనక పోకచెట్లు ఎన్ని, చెరువుకు ఏ వైపు మెట్లు, నదిలో పోయిన పిల్లాడు ఏ చెట్టెక్కి దిగలేక ఏడ్చాడు, అన్నీ ఆరోజు చెప్పింది. జూన్‌లో వినిపించిన అర్జీలో ఇవేవీ లేవు. పెన్‌డ్రైవ్ 350 పెట్టి కొని అందులో అన్నీ ఎక్కించి ఇచ్చాను. వాళ్ళింట్లో కంప్యూటర్ లేదు. కార్డులు పెట్టుకునే రేకుడబ్బాలో దాన్ని గుడ్డలో చుట్టి దాచింది.

అప్పుడు మొదలయ్యాయి నా ఐదు వారాల సెషన్లు, అక్టోబరులో. పుస్తకంలో ఉన్నట్టు మొదటి పని ఊపిరి. "కళ్ళు మూసుకో" అన్నాను. నాలుగో ఊపిరికి ఉలిక్కిపడి లేచి నిలబడింది. కళ్ళు మూస్తే నది వస్తోంది. మాకు నేర్పినావిడకు ఫోన్ చేస్తే, "కళ్ళు తెరిచే చేయించండి, చేతిలో ఏదైనా పెట్టండి" అంది. తస్బీ (వాళ్ళ జపమాల) పట్టుకుని, ఒక్కో పూసకు ఒక్కో ఊపిరి, తలుపు వైపు చూస్తూ. అలా కుదిరింది. ఐదు సెషన్లు అవ్వడానికి ఐదు వారాలు కాదు, పదకొండు వారాలు పట్టింది. ఒకసారి దుబాసీకి జ్వరం, ఒకసారి నీళ్ళ ట్యాంకరు వచ్చింది, ఇంకోసారి సగంలో పక్కింటావిడ వచ్చి కూర్చుని కదల్లేదు. గోడలంటే టార్పాలిన్లే, ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? రెండు సెషన్లు బడి వెనక వేపచెట్టు కింద చేశాం.

మధ్యలో దీపావళి. ఆ ఏడాది అక్టోబరు 31. పిల్లాడు పక్క తడుపుతాడని, పెద్ద చప్పుళ్ళకు మంచం కిందికి దూరతాడని తెలుసు. పది రోజుల ముందే చెప్పాను, ఫలానా రాత్రి మోతలుంటాయి, అవి పండగవి అని. చెప్పాను కదా, సరిపోతుందనుకున్నాను. ఆ రాత్రి మా మేడ మీద మరిది పిల్లలు వెయ్యివాలా పేలుస్తున్నారు. 9:40కి ఆమె ఫోన్ చేసింది. ఎత్తాను. నా వైపు మోత, ఆమె వైపు మోత. ఆమె అరుస్తోంది, నాకు వినపడటం లేదు. "క్యా? క్యా?" అంటూ మెట్లు దిగుతున్నాను. కట్టయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే పిల్లాడు నిద్రపోతున్నాడు, తల్లి వాడి చెవుల మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

రెండు రోజుల తర్వాత వాణ్ణి పగటిపూట టపాకాయల కొట్టుకు తీసుకెళ్ళాను. పేలనివన్నీ చేత్తో పట్టుకుని చూశాడు. సుతిలీ బాంబును చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాకరపువ్వొత్తుల పెట్టె ఒకటి కొని ఇంటి ముందు వెలిగించాం. మొదటిది నా చేతిలో, మూడోది వాడి చేతిలో. వెయ్యివాలా ధరెంతో అడిగి, నేను చెప్పగానే, "ఇత్తే పైసే, ఆవాజ్ కే వాస్తే?" అన్నాడు, చప్పుడు కోసం ఇన్ని డబ్బులా అని. జవాబు లేదు నా దగ్గర.

నవంబరు చివరికి ఆమె అశాంతి ఆరు వేళ్ళ నుంచి నాలుగుకు దిగింది, కానీ నిద్ర మాత్రం రెండు గంటలే. మా చేతిలో పని కాదు, డాక్టరుకు చూపించాలన్నారు. ముందు వెళ్ళిన ఒక ఆస్పత్రిలో మూడు గంటలు వరుసలో నిలబడ్డాక కౌంటర్లో ఆధార్ అడిగారు. లేదంటే పక్కకు జరగమన్నారు. డిసెంబరు 17న ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వెళ్ళాం.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఉదయం పక్కింటావిడ ఎక్కడికని అడిగితే "అమీర్‌పేటలో పని" అన్నాను. ఎర్రగడ్డ అన్న మాటను మనం ఎన్ని వేళాకోళాలకు వాడామో! తల్లికి ఆ పేరు వెనక కథ తెలియదు, ఆమెకు అదొక ఆస్పత్రి, అంతే. సిగ్గంతా నాదే. ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడినుంచి మెట్రో. మెట్రోలో అందరికీ ఒకటే టికెట్, ఎవరూ కార్డు అడగరు. అందుకని ఆమెకు మెట్రో బాగా నచ్చింది. ఎస్కలేటరు దగ్గర మాత్రం పది నిమిషాలు నిలబడిపోయి, చివరికి మెట్లెక్కాం.

శరణార్థి కార్డు చూసి చీటీ రాశారు. లేడీ డాక్టరు ఉర్దూలో మాట్లాడింది. "ఏం జరిగింది" అని అడగలేదు, "రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, లేచి ఏం చేస్తావు" అని అడిగింది. సెర్ట్రాలిన్ అనే మాత్ర రాసింది. మొదటి పది రోజులు వికారంగా ఉంటుంది, పని చేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మానేయొద్దని నాకు రెండుసార్లు, ఆమెకు రెండుసార్లు చెప్పింది. అంతగా చెప్పబట్టి సరిపోయింది. ఐదో రోజే వాంతి వచ్చి మానేస్తానంది. జనవరి రెండో వారానికి వరుసగా నాలుగు గంటలు పడుకుంది. మార్చిలో రంజాన్ వచ్చినప్పుడు పొద్దుటి మాత్రను రాత్రి భోజనం తర్వాతకు మార్చారు. ముందుగా అడక్కపోతే ఉపవాసం కోసం మాత్రే మానేసేది.

ఎర్రగడ్డ వెళ్ళిన రోజు భర్త కూడా కూలి వదులుకుని మాతో వచ్చాడు. అప్పటిదాకా "నాకేమన్నా పిచ్చా" అని నాతో మాట్లాడటానికే ఒప్పుకోని మనిషి. బయట చెట్టు కింద కూర్చున్నాడు. తిరిగొస్తుంటే దుబాసీ చెవిలో, తనకూ ఒక చీటీ రాయించడానికి వీలవుతుందా అని అడిగాడట.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జనవరిలో తల్లి జాగా కిరాయికి ఐదు వేలు అప్పు అడిగింది. మాకు ఇవ్వొద్దని రూలు. నేను రెండు వేలు ఇచ్చాను. ఆ తర్వాత రెండు వారాలు నేను వెళ్ళినప్పుడల్లా ఆమె ఇంట్లో లేదు. తిరిగి ఇవ్వలేక తప్పించుకుంటోందని పెద్ద పిల్ల చెప్పింది. ఆ రెండు వేలు నా మొహం చూడలేని స్థితికి ఆమెను తెచ్చాయి. చివరికి వాటికి బదులుగా నాకు రెండు జాకెట్లు కుట్టించమని దుబాసీ ద్వారా అడిగి, గుండీలూ కాజాలూ తల్లి చేత కుట్టించుకుని, లెక్క చెల్లు చేశాం. జాకెట్లు బిగుతయ్యాయి, వేసుకుంటూనే ఉన్నాను.

దుబాసీ మాట వచ్చింది కదా. ఆమె కుటుంబం అమెరికా వెళ్ళే జాబితాలో ఉందని నాకు తెలియనే తెలియదు. 2025 జనవరి 20న అక్కడ కొత్త అధ్యక్షుడు శరణార్థుల రాకను ఆపేస్తూ సంతకం పెట్టాక ఆమె పదిహేను రోజులు రాలేదు. వచ్చిన రోజు ఎప్పటిలాగే కూర్చుని, తల్లి మాటలు నాకూ నా మాటలు తల్లికీ అందించింది. లేచేటప్పుడు ఎందుకు రాలేదని అడిగితే అప్పుడు చెప్పింది. ఏడు నెలలుగా ఆ తల్లి కథంతా ఆమె నోటి గుండా నాకు చేరుతోంది. నది ఆమెదీ, కాలిన ఇల్లు ఆమెదీ. నువ్వెలా ఉన్నావని ఆమెను ఒక్కసారి అడగలేదు నేను.

ఫిబ్రవరిలో నాకే కలలు మొదలయ్యాయి. ఎప్పుడూ చూడని నది. పదిహేను రోజులకోసారి మేమంతా కూర్చుని మాట్లాడుకునే సమావేశాలను పనుందని ఎగ్గొడుతూ వచ్చాను. మా సీనియరు ఒకావిడ ఇంటికే వచ్చి, మూడు వారాలు వెళ్ళొద్దని గట్టిగా చెప్పింది. కోపమొచ్చింది. వెళ్ళకపోతే వాళ్ళేమైపోతారు అన్నాను. "నువ్వు లేనప్పుడు ఆరేళ్ళు ఏమయ్యారు?" అంది. మూడు వారాల తర్వాత వెళ్తే వాళ్ళు బాగానే ఉన్నారు. కొంచెం చిన్నబుచ్చుకున్నాననే చెప్పాలి.

మే 2025లో ఢిల్లీ నుంచి కొందరు రోహింగ్యాలను తీసుకెళ్ళి అండమాన్ సముద్రంలో దించేశారన్న వార్త ఫోన్లలో తిరిగింది. ఐక్యరాజ్యసమితి నిపుణుడొకరు దాని మీద విచారణ మొదలుపెట్టారని పేపర్లోనూ వచ్చింది. పక్క సందులో రెండు గుడిసెలు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. నాలుగు నెలలుగా పొడిగా లేస్తున్న పిల్లాడు మళ్ళీ పక్క తడిపాడు. తల్లి చూపించే వేళ్ళు రెండు చేతులకూ పాకాయి. ఊపిరి, తస్బీ, మాత్ర, ఏదీ దానికి మందు కాదు. "ఇక్కడ మీకేం కాదు" అని నేను చెప్పలేను, ఎందుకంటే నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఒక లాయరు నంబరు కాగితం మీద రాసి తలుపు పక్కన అంటించాం. కార్డుల నకళ్ళు మూడు సెట్లు తీసి, ఒకటి మా ఇంట్లో పెట్టుకున్నాను. జిరాక్సుకు 54 రూపాయలు. ఆ ఏడాది ఆమెకు అన్నిటికంటే ఎక్కువ నిద్రనిచ్చిన ఖర్చు బహుశా అదే.

జూన్‌లో చిన్నదాన్ని బడిలో వేయాలి. కిందటేడు ఆధార్ లేదని ఒక బడిలో తిప్పి పంపారు. ఈసారి, ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఢిల్లీ కేసులో రోహింగ్యా పిల్లలు నేరుగా ప్రభుత్వ బడికే వెళ్ళి అడగొచ్చన్న వార్తను ప్రింటు తీసుకుని వేరే బడికి వెళ్ళాను. పెద్దసారు దాన్ని చదవనే లేదు. "పిల్లకు వయసెంత? రేపు పంపండి, ఆన్‌లైన్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. వాదించడానికి రాత్రంతా సిద్ధమైపోయిన నేను అక్కడే కాసేపు ఊరికే నిలబడ్డాను.

అదే నెలలో మా ఆయనకు ఖమ్మం బదిలీ అయింది. జూలై ఆఖరికి వెళ్ళాలి. ఆరు వారాల ముందే చెప్పాను, పోతూపోతూ చెప్పడం పోయినదానికంటే అన్యాయమని శిక్షణలో నేర్పినందుకు. ఆమె ఏడవలేదు. ఇంకొకావిడ వస్తుందంటే తలూపింది. పద్నాలుగు నెలల లెక్క చూసుకుంటే దుబాసీకి 34 సార్లకు 12,920, ప్రయాణాలకు తొమ్మిది వేల చిల్లర, మిగతావన్నీ కలిపి 31 వేలు దాటింది. సంస్థ పది వేలు తిరిగిచ్చింది.

జూలై 20న చివరిసారి వెళ్ళాను. ఎండుచేపల పులుసు వండింది. నేను శాకాహారినని పద్నాలుగు నెలలుగా తెలుసు, నాకు విడిగా ఆలుగడ్డ. తిన్నాక కొత్త ఫోను ముందు పెట్టి, "ఆపా, బోలో" అంది, అక్కా మాట్లాడు అని. ఏం మాట్లాడాలన్నాను. దుబాసీ వివరించింది. ఎర్రగడ్డకు ఇకమీదట ఒక్కతే వెళ్ళాలి, తెలుగు రాదు, నా గొంతు పెట్టి కండక్టరుకు వినిపిస్తుందట. సరేనని ఒక్కోటి చెప్పాను. బస్సుకొకటి, ఆస్పత్రి చీటీ కౌంటరుకొకటి, చిన్నదాని బడిలో టీచరుకొకటి. బస్సుది ఇలా చెప్పాను: "అమ్మా, ఈవిడకు తెలుగు రాదు. ఆధార్ లేదు, టికెట్ కొంటుంది. ఎల్బీనగర్ మెట్రో దగ్గర దించండి." మధ్యలో ఆటో హారన్ పడింది. మళ్ళీ చెబుతానంటే, వద్దు, ఉండనీ అంది.

ఆగస్టు 5న ఖమ్మంలో సామాన్లు సర్దుకుంటుంటే వాట్సాప్‌లో వాయిస్ వచ్చింది. పదకొండు సెకన్లు. ఇంజిన్ మోత, అందులో ఎక్కడో నా గొంతే, హారనుతో సహా. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు. "ఎవరమ్మా ఈ టీచరమ్మ? సరే, ముందు కూర్చో, నేను చెబుతా."